ఉంచేవి రెండు, తీసేవి రెండు

కిందటి వారం మనం ఈ ఇంట్లోంచి బయటికొచ్చేటప్పటికి సూదిమావయ్య రిమోట్ చేత్తో పట్టుకుని ఆజ్ఞ జారీ చేశాడు. "ఆదివారం నాలుగింటికి అందరూ హాల్లో ఉండాలి. టీవీలో మనకున్న చందాలు నాలుగు. ఇకమీదట రెండే. ఏ రెండో మీరే తేల్చండి." అది విని ఆయన భార్య టేకమ్మ వంటింటి గుమ్మంలో తెల్లపలక మీద ఏదో రాసి, ఎవరూ చూడకముందే అరచేత్తో తుడిచేసింది. ఏం రాసిందో చెప్పమని మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. "నీలం బొమ్మది ఉంచండి" అని రాసింది. అంతే. అంత చిన్న మాట ఆ ఇంట్లో ఎవరి కంటా పడలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. సూదిమావయ్య ఒక ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగి. వీధి పిల్లలు పెట్టిన పేరే ఆయనకి ఖాయమైపోయింది. టేకమ్మ డబ్బింగ్ ఆర్టిస్టు. పరాయి దేశాల సీరియళ్ళలో మనుషులు శుభ్రంగా మన భాషలో తిట్టుకుంటూ ఉంటారే, ఆ తిట్లు తిట్టేది ఇలాంటివాళ్ళే. ఎంత పెద్ద సీనైనా ఒక్క టేకులో చెప్పేస్తుందని డబ్బింగ్ థియేటర్లో ఆవిడకి ఆ పేరు పెట్టారు. ఎనిమిది నెలల కిందట ఆవిడ గొంతులో గడ్డ బయటపడింది. డాక్టర్లు ప్రాణం నిలబెట్టి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడావిడకి మాట లేదు. మెడ మధ్యలో చిన్న రంధ్రం, దాని మీద పలచటి గుడ్డ, చేతిలో ఒక తెల్లపలక. రాసే ఓపిక లేనప్పుడు బల్ల మీద ఒకసారి కొడితే అవునని, రెండుసార్లు కొడితే కాదని. ఆవిడ సంపాదన ఆగిపోయి మందులు మొదలయ్యాక ఇంట్లో ఒక్కొక్క దాని మీదా కోత పడుతూ వచ్చింది, ఇప్పుడు టీవీ వంతు.

ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అదే. గొంతే కూడు పెడుతోంది గనక టేకమ్మ కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ దాన్ని ఇంట్లో వాడేది కాదు. చల్లటి నీళ్ళు తాగదు. గట్టిగా నవ్వదు. ఎవర్నీ కేకెయ్యదు. మాట్లాడితే గుసగుసే. "అమ్మ గొంతు దాచుకుంటోంది" అని కూతురు చిన్నప్పుడు ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేది. పైగా ఆవిడ గొంతిచ్చినవేవీ ఇంట్లో పెట్టకూడదు. ఎవరైనా పెడితే సిగ్గుతో చచ్చిపోయి గదిలోకి పారిపోయేది. రెండు మూడు సార్లు అలా జరిగాక వాళ్ళు పెట్టడం మానేశారు, తర్వాత ఏ సీరియల్లో ఎవరికి చెబుతోందో అడగడం కూడా మానేశారు. నాకు ఒళ్ళుమండేది ఇక్కడే. ఆ గొంతు నిండుగా విన్నది ఎక్కడెక్కడివాళ్ళో. ఇంట్లోవాళ్ళకి దక్కింది గుసగుస.

సరే, ఆదివారం నాలుగయింది.

హాలు చిన్నది. ఒక సోఫా, దాని ముందు గాజు బల్ల, గోడకి టీవీ. టేకమ్మ అత్తగారు సోఫాలో తన మూల తను పట్టుకుని కూర్చుంది. ఆవిడ మోకాళ్ళు ఆవిడ మాట వినవు గానీ చెవులు మాత్రం పాము చెవులు. కాలేజీలో చదువుతున్న అమ్మాయి గుమ్మానికి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటోంది. టేకమ్మ కింద కూర్చుని పలక ఒళ్ళో పెట్టుకుంది. సూదిమావయ్య నిలబడే ఉన్నాడు.

ఆ నాలుగింటికీ కంపెనీలు పెట్టిన పేర్లు ఈ ఇంట్లో ఎవరూ వాడరు. రోజూ ఏడుపు సీరియళ్ళు వచ్చే కేబుల్‌ది అత్తగారిది. ఆటలొచ్చేది మ్యాచ్‌లది, అంటే సూదిమావయ్యది. అమ్మాయి చూసేది సినిమాలది. నాలుగోది ఫోన్ రీఛార్జితో పాటు ఏడాదిపాటు ఉచితంగా అంటగట్టారు. తెర మీద నీలంగా ఒక బొమ్మ ఉంటుంది కాబట్టి అది నీలం బొమ్మది. ఆ ఏడాది ఈ నెలతో సరి, మానుకోకపోతే వచ్చే నెల నుంచి దానికీ కట్టాలి.

"అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ ఇస్తాడటగా ఆ కేబులాయన?" అంది అత్తగారు.

"ఇస్తాడమ్మా. అందులో నీ ఛానల్ ఉండదు. వంటల ఛానళ్ళు పదకొండు ఉంటాయి."

"వంట చూసేదేమిట్రా నా మొహం, చేసేది గానీ."

"సినిమాలది ప్రకటనలతో తీసుకుంటే సగం రేటే నాన్నా" అంది అమ్మాయి.

"తీసుకోవచ్చు. హీరో చావబోతుంటే మధ్యలో సబ్బు వస్తుంది. ఫరవాలేదా?"

"వస్తే రానివ్వండి. శుభ్రంగా చస్తాడు."

అత్తగారు పకపకా నవ్వింది. టేకమ్మ భుజాలు కూడా కదిలాయి, ఆవిడ నవ్వు ఇప్పుడంతే.

"పై ఇంటి టీచరమ్మ పాస్‌వర్డ్ ఇచ్చేదిగా, అది వాడుకోకూడదూ?" అని అత్తగారు ఇంకో ఆశ పెట్టుకుంది.

"ఆ రోజులు పోయాయమ్మా. ఒకళ్ళ పాస్‌వర్డ్ ఇంకోళ్ళ ఇంట్లో పనిచెయ్యకుండా బిగించేశారు. ఇక చాలు గానీ, ఒక్కొక్కళ్ళు రెండింటికి చెయ్యెత్తండి. ఎక్కువ చేతులు దేనికి లేస్తే అది ఉంటుంది. తర్వాత ఎవరూ సణగకూడదు."

అత్తగారిదానికి నాలుగు చేతులూ లేచాయి. ముసలావిడ దగ్గర్నుంచి దాన్ని లాక్కునే పాపం ఎవరూ కట్టుకోదలుచుకోలేదు. మ్యాచ్‌లదానికి సూదిమావయ్య ఒక్కడే చెయ్యెత్తి, ఎవరూ తోడు రాకపోవడం చూసి ఆ చేత్తోనే తల గోక్కున్నాడు. సినిమాలదానికి అమ్మాయి ఎత్తింది, మనవరాలి కోసం అత్తగారు ఎత్తింది, కూతురి కోసం టేకమ్మ ఎత్తింది.

"నీలం బొమ్మది?"

"దాన్ని అడిగేదేముంది నాన్నా, అదెవరు చూస్తారు? ముందు దాన్నే తీసేయండి." అమ్మాయి అంత తొందరపడి మాట్లాడటం ఆ సాయంత్రం అదే మొదలు.

"అడగాలి కాబట్టి అడుగుతున్నా. ఎవరైనా ఉన్నారా?"

టేకమ్మ చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. తన రెండు చేతులూ అప్పటికే ఖర్చయిపోయాయన్నది నిజమే గానీ, ఆవిడ ఒక్కమాట రాస్తే కాదనేవాళ్ళు ఆ గదిలో లేరు. రాయలేకపోయింది. రాస్తే ఎందుకని అడుగుతారు. చెబితే పెట్టి చూస్తారు. చూస్తే వింటారు. విన్నాక వాళ్ళ మొహాలు తను చూడాలి. తన గొంతు ఎలాంటిదో ఎరగని మనుషులు ఇన్నాళ్ళూ గుసగుస ఒక్కటే పోయిందనుకుని ఎలాగో సర్దుకున్నారు. ఇప్పుడు ఉన్నదంతా చూపించి, ఇదిగో పోయింది ఇదీ అని చెప్పే ధైర్యం ఆవిడకి లేదు. అయినా ఎవరైనా తనవైపు తిరిగి, నీకేది కావాలే అని ఒక్కసారి అడుగుతారేమోనని చూసింది. ఎవరూ అడగలేదు.

"అయితే సరే" అని సూదిమావయ్య నీలం బొమ్మ తెరిచి, రద్దు చేసే చోటు కోసం వెతకడం మొదలుపెట్టాడు. కట్టించుకునే చోటు ఇట్టే దొరుకుతుంది గానీ మానుకునే చోటు దొరకడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలియనిది కాదు. ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కాడు. తెర మీద, ఈ ఇంట్లో ఇంతవరకూ చూసినవాటి జాబితా తెరుచుకుంది.

పేజీ నిండా ఒకే సీరియల్. అందులోనూ ఒకే భాగం, తొమ్మిదోది. రోజు విడిచి రోజు కూడా కాదు, ప్రతిరోజూ, నిన్న మధ్యాహ్నం దాకా. ఆయన కిందికి జరుపుతూనే ఉన్నాడు, నాలుగు నెలల వెనక్కి వెళ్ళినా అదే.

"మధ్యాహ్నాలు ఇంట్లో ఉండేది..." అని ఆయన మాట మధ్యలో ఆపి భార్యవైపు తిరిగాడు. "నువ్వా?"

టేకమ్మ గాజు బల్ల మీద ఒకసారి కొట్టింది.

"మరి ఇందాక చెప్పలేదేం?"

టేకమ్మ ఒళ్ళో పలక బోర్లించింది.

"పలక ఉంది. మార్కర్ ఉంది. చేతులున్నాయి. నాలుగు నెలలుగా రోజూ చూస్తున్నదాన్ని నా చేత్తో నేనే తీసేస్తుంటే, చూస్తూ కూర్చున్నావు. తీసేశాక ఏం చేద్దామని? రేపు మధ్యాహ్నం గోడ చూద్దామనా?" ఆయన గొంతు పెరిగింది. "పొద్దున్నుంచీ ఊళ్ళోవాళ్ళ చేతులకి సూదులు గుచ్చి వస్తాను. ఇంటికొచ్చాక మీ మనసులో ఏముందో కూడా గుచ్చి తియ్యాలా నేను? నోరు పోయింది, సరే. చెయ్యి కూడా పోయిందా నీకు?"

అన్నాక గానీ అన్నదేమిటో ఆయనకి తెలియలేదు. అత్తగారు "ఒరేయ్" అంది. టేకమ్మ మెడ మీద గుడ్డ రెండుమూడు సార్లు గబగబా లేచి పడింది. ఆవిడ ఏడుపుకీ చప్పుడు లేదు కాబట్టి ఎవరూ ఓదార్చడానికి సమయానికి లేవరు. సూదిమావయ్య ఏం చెయ్యాలో తోచక, చేతిలో ఉన్న రిమోట్‌తో ఆ తొమ్మిదో భాగం నొక్కాడు. అంతగా అందులో ఏముందో చూద్దామనుకున్నాడు.

పెద్ద ఏరు. వాన. పడవ నడుపుకుని బతికే ఒక నడివయసు ఆడమనిషి ఈ ఒడ్డున ఉంది. అవతలి ఒడ్డున నీళ్ళు పెరిగిపోతున్న చోట ఒక పిల్ల చిక్కుకుపోయింది. పడవావిడ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేకేసింది. "అక్కడే ఉండు! కదలకు! నే వస్తున్నా! ఎంత వానొచ్చినా నే వస్తున్నా!"

కిటికీ అద్దాలు అదిరాయి. నిండు గొంతు. ఎక్కడా పగుల్లేదు, అరుపులో కూడా ముద్దు చేస్తున్నట్టే ఉంది. ఆ పిల్లే కాదు, వింటున్న వాళ్ళెవరైనా కదలకుండా ఉండిపోతారు. మాటకీ మాటకీ మధ్య ఎక్కడ ఊపిరి తీసుకుందో తెలియనివ్వలేదు.

"ఎవరో గానీ, దమ్మున్న గొంతు" అన్నాడు సూదిమావయ్య.

ఇరవయ్యేళ్ళ కాపురం. ఆ మాట మీద ఆయన్ని తిట్టాలనే నాకూ ఉంది. కానీ ఆయన మాత్రం ఎక్కడ విన్నాడు? ఇలా కేకేసే మనిషిని ఆయన ఎరగడు.

"ఎవరో ఏమిట్రా, గుడ్డివెధవా!" అంది అత్తగారు. "అది నీ పెళ్ళాం గొంతు."

ఆయన రిమోట్ కింద పెట్టేశాడు.

"మీరందరూ బయటికి పోయాక వంటింట్లో కుళాయి విప్పి, ఆ నీళ్ళ మోతలో మాటలు బట్టీ పట్టేది. నేను మంచంలో పడుకుని వినేదాన్ని. ఇప్పుడు మాత్రం? రోజూ మధ్యాహ్నం నేను నిద్రపోయాననుకుని సన్నగా పెట్టుకుంటుంది. ఈ చెవులకి నిద్రెక్కడిది?" ముసలావిడ కోడలివైపు తిరిగింది. "నువ్వే ఎత్తుతావు కదా అని చూశానే చెయ్యి. నీ అంతట నువ్వు అడగాలని ఊరుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది. నా సీరియళ్ళు నాకొద్దురా, అది తీసి ఇది ఉంచు."

సూదిమావయ్య కింద కూలబడ్డాడు. తెర మీద పడవావిడ ఏరు దాటుతోంది, పిల్లతో మాట్లాడుతూనే ఉంది. ఆయన భార్య మొహం చూడలేక ఆ తెరే చూస్తూ కూర్చున్నాడు. "నాకెప్పుడూ వినిపించలేదే ఇది" అన్నాడు చివరికి. "నాకోసం ఒక్కసారైనా ఇలా కేకెయ్యలేదే నువ్వు." అందులో నిష్ఠూరం లేదు, ఆకలి ఉంది. టేకమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత ఒక పది నిమిషాలు ఆ ఇంట్లో కాస్త వెలుగు పడింది. నీలం బొమ్మది ఉండి తీరాలన్నారు. నెలనెలా కడుతూ కూర్చునేకన్నా, ఆ సీరియల్ అరవై రెండు భాగాలూ కాపీ తెచ్చుకుంటే ఇంట్లోనే పడుంటాయి కదా అన్న ఆలోచన సూదిమావయ్యకి వచ్చింది. డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు టేకమ్మని అక్కా అంటాడు, ఈయన్ని బావగారూ అంటాడు. ఆయనకి ఫోన్ కలిపి, భార్య కూడా వినాలని స్పీకర్ పెట్టాడు. "ఇప్పుడెందుకు నాన్నా, ఆదివారం పూట" అని అమ్మాయి అడ్డొచ్చింది. ఆయన వినిపించుకోలేదు.

"పాత ట్రాకా బావగారూ?" అన్నాడు ఇంజనీరు అవతలనుంచి హుషారుగా. "అదెందుకండీ ఇప్పుడు, కొత్తది వచ్చేస్తుంటే? పడవావిడ సీరియల్‌కి రెండో సీజన్ వచ్చింది. అమ్మాయి చెప్పలేదూ? నాలుగుసార్లు వచ్చి టెస్ట్ ఇచ్చింది. అచ్చు అక్క గొంతే! కంపెనీవాళ్ళు ఎగిరి గంతేశారు. పాతవి అరవై రెండూ కూడా అమ్మాయి చేతే మళ్ళీ చెప్పిస్తున్నాం. మొదటి సీజన్లో ఒక గొంతూ రెండో దాంట్లో ఒక గొంతూ అయితే చూసేవాళ్ళు ఊరుకోరు."

అందరూ గుమ్మంవైపు చూశారు. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గదిలోకి పరిగెత్తి, తలుపేసుకుని చెవుల మీద దిండు అదుముకుంది.

"మరి మా ఆవిడ చెప్పినవి?" సూదిమావయ్య ఫోన్ మీదికి వంగాడు. "అవి ఎక్కడైనా ఉంటాయా?"

"ఎక్కడుంటాయండీ, వాటిమీదే కొత్తవి ఎక్కించేస్తారు. పాతది దాచే అలవాటు కంపెనీకి లేదు."

"ససేమిరా ఒప్పుకోం అని చెప్పరా!" అంది అత్తగారు.

"అక్క ఒప్పుకుందిగా! అక్క ఒప్పుకోనిదే పాతవి ముట్టుకోకూడదని అగ్రిమెంట్లోనే ఉంది. సంతకం పెట్టిన కాగితం శుక్రవారం నా టేబుల్ మీదికి వచ్చింది."

"మా ఆవిడ ఏ కాగితమూ చూడలేదు."

ఈసారి అవతలి గొంతులో హుషారు లేదు. "అలా అనకండి బావగారూ. కాగితం నేనిచ్చింది మీ అమ్మాయి చేతికే. అక్క పెట్టలేదంటే అది దొంగ సంతకం అవుతుంది. కంపెనీ లాయర్లు పిల్లని ఊరికే వదలరు, కేసు పెడితే చదువు కూడా గంగపాలు. రేపు పొద్దున్నే కాగితం పైకి పంపాలి నేను. ఇప్పుడే తేల్చండి, ఆ సంతకం అక్కదా కాదా?"

సూదిమావయ్య మూసి ఉన్న తలుపు చూశాడు. టేకమ్మ కూడా చూసింది. ఆ తలుపు వెనక ఉన్నది పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఇంట్లో ఒక సంపాదన ఆగిపోతే తను పూడ్చాలనుకుంది. తల్లిని అడగలేకపోయింది. ఈ ఇంట్లో అడగడమనేది ఎవరు నేర్పారు దానికి? తెర మీద పడవావిడ పిల్లని ఎత్తుకుని ఏదో చెబుతూనే ఉంది. టేకమ్మ రిమోట్ తీసుకుని టీవీ ఆపేసింది.

తర్వాత పలక మీద రెండే మాటలు రాసి భర్తకి చూపించింది. "సంతకం నాదే."

"ఒద్దే" అన్నాడాయన. "ఇంకేదైనా దారి చూద్దాం, ఒక్కరోజు ఆగుదాం."

ఆవిడ పలక వేలితో గట్టిగా తట్టింది, చదవమని. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఆయన మోకాలు పట్టుకుని కళ్ళలోకి చూసింది. సూదిమావయ్య ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. "సంతకం... మా ఆవిడదే. నాకు తెలియక అన్నాను."

"హమ్మయ్య! బతికించారు. అక్కకి నా నమస్కారాలు చెప్పండి." లైన్ కట్టయింది.

అత్తగారు గోడవైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి గది తలుపు తెరుచుకుంది. అమ్మాయి ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో, కాలేజీ బ్యాగ్ ఈడ్చుకుంటూ వచ్చి తల్లి ముందు చతికిలబడింది.

"నిన్నడగలేకపోయానమ్మా. అడుగుదామని రోజూ అనుకున్నాను, నీ మొహం చూసి మానేశాను. నీ పడవావిడ నోట నా గొంతు నువ్వు వినకూడదనే నీలం బొమ్మది తీసేయమన్నాను. నాకా పని వద్దు, ఏమీ వద్దు." బ్యాగ్ అడుగునుంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి తల్లి చేతిలో పెట్టింది. "ఆయన ఇచ్చింది ఇదే. పదిహేను రోజులుగా ఇందులోనే ఉంది, ఎవరికీ చూపించలేదు. నీ చేత్తో నువ్వే చింపెయ్యి. నువ్వు సంతకం పెట్టనంతవరకూ నీ గొంతుని ఎవరూ ముట్టుకోలేరమ్మా."

టేకమ్మ కాగితం మడతలు విప్పింది. అడుగున ఆవిడ పేరు అచ్చువేసి ఉంది. దాని పక్కన సంతకం పెట్టాల్సిన చోట ఒక్క గీత కూడా లేదు. అంటే ఇంజనీరు టేబుల్ మీదున్న సంతకం ఈ ఇంట్లో ఎవరూ పెట్టింది కాదు.

సూదిమావయ్య మళ్ళీ ఆ నంబరే నొక్కాడు. అవతల మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి చేస్తే ఫోన్ ఆఫ్ చేసి ఉందని వచ్చింది.